పొగబండిని కొనేముందు



వికారాబాద్ దగ్గర హైదరాబాద్–వాడి మెయిన్ లైను నుంచి ఒక పాయ విడిపోతుంది. మర్పల్లి, కోహీర్ దక్కన్, జహీరాబాద్ మీదుగా బీదర్ చేరి, అక్కడి నుంచి మరాఠ్వాడాలోకి, పర్లి వైజనాథ్ దాకా పోతుంది. నిజాం రాజ్యంలో 1930ల ఆరంభంలో ఈ లైను జహీరాబాద్‌కు రైలు తెచ్చింది. ఇప్పుడు దీని మీద కరెంటు తీగలు ఉన్నాయి. వేసిన కొత్తలో ఈ ఎర్రనేల మీద తిరిగినవి బొగ్గు ఇంజన్లు. నిజాం రైల్వే ఇంజన్లలో అత్యధికం సముద్రాలు దాటి వచ్చినవే. ఇనుము వాళ్ళది, బొగ్గు మాత్రం మన సింగరేణిది. ఎండాకాలంలో ఫైర్‌బాక్సు ముందు నిలబడి పార పట్టినవాళ్ళు, రాత్రంతా షెడ్డులో బూడిద లాగినవాళ్ళు ఈ నేల మనుషులు.

అంటే పొగబండి మన దగ్గరికి దిగుమతి సరుకుగానే వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో దీనికి ఎదురు ప్రయాణం జరుగుతోంది. ఒకప్పుడు బ్రిటన్, అమెరికా, స్విట్జర్లాండ్ దేశాల నుంచి ఆసియాకు, ఆఫ్రికాకు వెళ్ళిన ఇంజన్లను కొందరు వెతికి, కొని, ఓడలకెక్కించి తీసుకుపోతున్నారు. మూతబడ్డ లైన్లను బాగుచేసి, పాత బండ్లను పాత పద్ధతిలోనే నడిపే హెరిటేజ్ రైల్వేల కోసం ఈ కొనుగోళ్ళు సాగుతున్నాయి. బ్రిటన్‌లో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. చాలావాటిని జీతం తీసుకోని అభిమానులే నడుపుతారు. వాళ్ళ ప్రేమ నిజమైనదే. కానీ ఒక ఊరి ఇంజనును ఇంకో ఊరి వేడుక కోసం కొని తీసుకుపోవడం న్యాయమేనా అనేది గట్టిగా అడగవలసిన ప్రశ్న. రేపు మన దగ్గర కూడా ఎవరైనా హెరిటేజ్ రైలు అంటూ బయటి నుంచి ఒక ఇంజను తెద్దామంటే, అప్పుడు అడగవలసిందీ ఇదే.

డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే 19వ నంబరు ఇంజను కథతో మొదలుపెడితే విషయం బాగా అర్థమవుతుంది. 1889లో గ్లాస్గోలోని షార్ప్ స్టూవర్ట్ కంపెనీ దాన్ని తయారుచేసింది. రెండడుగుల గేజి మీద నడిచే చిన్న ట్యాంకు ఇంజను, బి క్లాసుది. ఆ కొండ ఎక్కడానికి డ్రైవరు, ఫైర్‌మన్ చాలరు. బొగ్గును ముక్కలు కొట్టడానికి వేరే మనిషి ఉంటాడు. ఇంజను ముందు బఫరు కొయ్య మీద ఇద్దరు కూర్చుని, చక్రం జారినప్పుడల్లా పట్టాల మీద చేత్తో ఇసుక చల్లుతారు. మంచులో, వానలో, లోయ అంచున, కదిలే ఇంజను ముక్కు మీద కూర్చుని చేసే పని అది. మ్యూజియంలో ఇంజను పక్కన పెట్టే బోర్డులో తయారీదారు పేరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. ఇసుక చల్లినవాళ్ళ ప్రస్తావన అరుదు.

1962లో రైల్వేకు ఆ ఇంజను అక్కర్లేకపోయింది. ఎలియట్ డోనెల్లీ అనే అమెరికన్ రైలు అభిమాని కొని తీసుకెళ్ళాడు. ఆయన పోయాక అది ఇండియానా రాష్ట్రంలోని హెస్టన్ స్టీమ్ మ్యూజియంలో ఉంది. 2000ల మొదట్లో బ్రిటన్‌కు చెందిన ఏడ్రియన్ షూటర్ దాన్ని కొన్నారు. చిల్టర్న్ రైల్వేస్‌ను నడిపించిన ఆయన ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తన ఇంటి ఆవరణలోనే పట్టాలు వేసి, డార్జిలింగ్ పెట్టెల నమూనాలు చేయించి, ఆ ఇంజనును మళ్ళీ ఆవిరి మీద నడిపారు. 2022లో ఆయన కన్నుమూశారు. ఇంజను ఇప్పుడు దాని కోసమే ఏర్పడిన ఒక ట్రస్టు చేతిలో ఉంది. ఇలా గ్లాస్గోలో పుట్టి, హిమాలయాల్లో 70 ఏళ్ళకు పైగా బతికి, అమెరికా చూసి, బ్రిటన్‌కు తిరిగొచ్చింది.

ఇది దోపిడీ అనలేము. అమ్మింది రైల్వేయే, బహిరంగంగానే అమ్మింది. అదే క్లాసు ఇంజన్లు ముప్పైకి పైగా తయారయ్యాయి, వాటిలో కొన్నిటిని ఆ రైల్వే సొంత తింధారియా వర్క్‌షాపులోనే మనవాళ్ళు కట్టారు. కొన్ని ఇప్పటికీ డార్జిలింగ్‌లో పొగ వదులుతున్నాయి. 1999లో యునెస్కో ఆ లైనును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఒక్క ఇంజను అమ్ముడు కాకపోతే తుక్కయ్యేదేమో కూడా. అయినా దానితో పాటు వెళ్ళనిది ఒకటుంది. మలుపు మలుపుకూ ఎంత ఇసుక పడాలో, తడి పట్టాల మీద ఆవిరి వదిలే రెగ్యులేటర్ ఎంత తెరవాలో తెలిసిన చేతులు ఓడ ఎక్కలేదు. కొన్నవాడు ఆ చేతుల దగ్గరికి వచ్చి నేర్చుకున్నాడా, ఆ మాటలు రాసుకున్నాడా అన్నదాన్ని బట్టి ఆ కొనుగోలును తూచాలి.

లెక్కలోకి రావలసిన రెండో సంగతి, ఆ రకం ఇంజన్లు ఎన్ని మిగిలాయన్నది. చైనా ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ క్యూజే క్లాసు ఇంజన్లు నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. దాతోంగ్ ఫ్యాక్టరీ 1988 దాకా వాటిని కడుతూనే ఉంది. ఇన్నర్ మంగోలియాలోని జితోంగ్ రైల్వేలో 2005 చివరిదాకా అవి మెయిన్ లైను సర్వీసు చేశాయి. ఆ మరుసటి ఏడాదే వాటిలో కొన్ని అమెరికాకు, అయోవా ఇంటర్‌స్టేట్ రైల్‌రోడ్‌కు చేరాయి. వేలల్లోంచి రెండు మూడు వెళ్తే చైనా చరిత్రకు వచ్చిన లోటేమీ లేదు, పైగా తుక్కు కత్తుల నుంచి అవి బయటపడ్డాయి. అదే ఒక రకంలో చివరి ఇంజను, ఒక ఊరికి మిగిలిన ఏకైక ఇంజను అయితే ఎంత ధర పెట్టినా ఆ కొనుగోలు తప్పే.

దక్షిణాఫ్రికా కథ ఇంత తేలిగ్గా తెగదు. గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ 1945లో 15ఎఫ్ క్లాసు 3007 నంబరు ఇంజనును కట్టి దక్షిణాఫ్రికాకు పంపింది. ఆ కంపెనీ 1962లో మూతబడింది. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన పరిశ్రమకు ఆ ఊళ్ళో గుర్తుగా నిలిచే పెద్ద ఇంజను ఒకటి కావాలని గ్లాస్గోవాసులు కోరుకున్నారు. 2007లో 3007 తిరిగొచ్చింది. ఇప్పుడు రివర్‌సైడ్ మ్యూజియంలో ఉంది. ఆ క్లాసులో తయారైనవి 255. కాబట్టి ఒకటి వెళ్ళిపోయిందని దక్షిణాఫ్రికా ఖాళీ కాలేదు. తమ తాతలు రివెట్లు కొట్టిన ఇంజనును తిరిగి చూసుకోవాలన్న గ్లాస్గో కోరికలో ధర్మం ఉంది. కానీ ఆ ఇంజను పనిచేసింది దక్షిణాఫ్రికాలో. వర్ణవివక్ష కాలంలో అక్కడ డ్రైవరు సీటు తెల్లవాళ్ళది. బూడిద గుంటల దగ్గర చాకిరీ నల్లవాళ్ళది. తయారైన చోటి కథ ఒక్కటే చెప్పి పనిచేసిన చోటి కథ వదిలేస్తే ఇంజను సగమే ఇంటికి వచ్చినట్టు.

వేల్స్‌లో ఇంకో సంగతి కనిపిస్తుంది. వెల్ష్ హైలాండ్ రైల్వే దాదాపు 40 కిలోమీటర్ల చిన్న గేజి లైను. 2011లో పూర్తిగా తెరుచుకుంది. దాని బరువైన బండ్లను లాగేవి దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఎన్‌జీజీ16 గ్యారట్ ఇంజన్లు. వాటిలో ఎక్కువవాటిని మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ కంపెనీ చేసింది. 138, 143 నంబర్లవి 1997లో వేల్స్ చేరాయి. అంతకుముందు పోర్ట్ షెప్‌స్టన్ నుంచి హార్డింగ్ పోయే లైనులో చెరకు, కలప మోశాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆ లైనే మూతబడింది. ఇంజన్లు బతికాయి, లైను చచ్చింది. వేల్స్‌లో కొత్త లైను, దాంతో పాటు హోటళ్ళు, ఉద్యోగాలు వచ్చాయి. ఇందులో తప్పు వేల్స్‌ది కాదు. కానీ ధనిక దేశపు కొనుగోలుదారు పేద దేశపు లైను మూతబడే వేళకే వచ్చి తలుపు తడతాడు. అమ్మేవాడికి బేరమాడే బలం ఉండదు. అలాంటి వేళ చట్టం ఒప్పుకున్నదల్లా న్యాయం అయిపోదు.

దీని గురించి అంతర్జాతీయంగా ఒక మాట రాసి ఉంది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను ఆపడానికి యునెస్కో 1970లో చేసిన ఒప్పందంలో విగ్రహాలు, తాళపత్రాలతో పాటు శాస్త్ర సాంకేతిక చరిత్రకు చెందిన వస్తువులు కూడా రక్షించవలసినవేనని చెప్పారు. మన దేశం 1977లో ఆ ఒప్పందంలో చేరింది. దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకుండా అడ్డుకుంటుంది. చోళుల కాంస్య విగ్రహం పోయిందంటే దేశం గగ్గోలు పెడుతుంది, పెట్టాలి కూడా. బాయిలరు పోయిందంటే ఆ స్పృహ కలగదు. ఆవిరి ఇంజను కూడా ఒక కాలపు పనితనానికి సాక్ష్యమేనని ఇంకా మన మనసుకు ఎక్కలేదు.

హైదరాబాద్ రాజ్యానికి ఈ చర్చ కొత్తది కాదు. ఇంజను గురించి కాకపోయినా, బయటి రైలును ప్రజల సొమ్ముతో తెచ్చుకోవడం గురించి ఇక్కడ 1883లోనే పెద్ద రగడ జరిగింది. నిజాం రాజ్యంలో రైలు మార్గాలను చాందా (ఇప్పటి చంద్రపూర్) దాకా పొడిగించడానికి లండన్‌లో పెట్టుబడి సమకూర్చే కంపెనీతో ఒప్పందం కుదర్చబోయారు. ఆ పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ఖజానా హామీ. రైలు నష్టపోయినా వాటాదారుకు నష్టం లేదన్నమాట, ఆ లోటు రైతు కట్టే శిస్తులోంచి పూడాలి. షరతులు ముందు జనానికి చెప్పండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి అని నగరంలోని చదువుకున్నవాళ్ళు సభలు పెట్టారు. వాళ్ళలో ముందు నిలిచినవారు హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆయనకు తోడు. ప్రభుత్వం ఇద్దరినీ రాజ్యం నుంచి వెళ్ళగొట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఒప్పందం అయిపోయింది. 1889 నాటికి రైలు బెజవాడ చేరింది. రైలు రావడం మేలే చేసింది. కానీ వాళ్ళు అడిగిన ప్రశ్న ఇవాళ్టికీ చెల్లుతుంది: ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది, ముందుగా ఎవరిని అడిగారు? విదేశీ ఇంజను కొనే ఏ హెరిటేజ్ ప్రాజెక్టు అయినా మొదట ఈ మూడింటికీ జవాబు చెప్పాలి.

ఇక మన సొంత ఇల్లు చూసుకుందాం. చిత్తరంజన్ లోకోమోటివ్ వర్క్స్ 1950 నవంబరులో మొదటి ఇంజను తీసింది. దాని పేరు దేశబంధు. 1970లో చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను అంతిమ్ సితారా బయటికి వచ్చింది. 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగేసరికి అక్కడ తయారైనవి 2,351. 1995 డిసెంబరు 6న బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఆగింది. తర్వాత నాలుగైదేళ్ళలో మీటర్‌గేజి మీదా ఆగిపోయింది. ఆ రెండు వేల పైచిలుకు ఇంజన్లలో చాలావరకు కరిగిపోయాయి. కొన్ని స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు సిమెంటు దిమ్మెల మీద రంగులు పూసుకుని నిలబడ్డాయి. లోపల ట్యూబులు తుప్పుపట్టి ఉంటాయి. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతారు.

హర్యానాలోని రేవాడి స్టీమ్ షెడ్డు మాత్రం వేరు. 1893 నాటి ఆ షెడ్డులో ఇంజన్లు ఇప్పటికీ నిప్పు చూస్తాయి. 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ చేసి పంపిన డబ్ల్యూపీ క్లాసు ఆజాద్ ఉంది. 1965లో చిత్తరంజన్‌లో కట్టిన అదే క్లాసు అక్బర్ పక్కనే ఉంది. అక్బర్ చాలా హిందీ సినిమాల్లో కనబడుతుంది. ఒకటి దిగుమతి, ఒకటి స్వదేశీ. షెడ్డు మనుషులకు రెండూ ఒకటే, ఒకే పాన పడుతుంది. 1855లో లీడ్స్‌లో పుట్టిన ఫెయిరీ క్వీన్ కూడా మన దగ్గరే ఉంది. నడుస్తున్న అతి పాత ఆవిరి ఇంజనుగా 1998లో గిన్నిస్ రికార్డు కెక్కింది. 2011లో దాని భాగాలను దొంగలు ఊడదీసుకుపోయారు. పెరంబూరు వర్క్‌షాపు వాళ్ళు మళ్ళీ ప్రాణం పోశారు. ఇంగ్లండ్‌లో తయారైన ఆ ఇంజను ఎవరిదని అడిగితే, దాన్ని బతికించిన పెరంబూరుది అని చెప్పడానికి వెనకాడనక్కరలేదు.

నీలగిరి కొండ రైలు ఉదాహరణ అన్నిటికంటే విలువైనది. అక్కడి ఎక్స్ క్లాసు ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో తయారైనవి. పళ్ళచక్రంతో పట్టాల మధ్య ఉన్న పళ్ళపట్టీని పట్టుకుని కొండెక్కుతాయి. ముసలివయ్యాయి. కొత్తవి కావాలి. స్విట్జర్లాండ్‌కు ఆర్డరు పెట్టవచ్చు, లేదా ఎక్కడైనా పాతవి వెతకవచ్చు. రైల్వే తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపుకే పని అప్పజెప్పింది. 2011 నుంచి అక్కడ కొత్త ఆవిరి ఇంజన్లు కట్టారు, ముందు ఫర్నేస్ ఆయిల్‌తో నడిచేవి, తర్వాత బొగ్గుతో నడిచేవి కూడా. ఇరవయ్యొకటో శతాబ్దంలో మన వర్క్‌షాపులో బాయిలరు ప్లేటు వంచి, రివెట్టు కొట్టి, కొండెక్కించారు. బ్రిటన్‌లో కొత్తగా కట్టి 2008లో పూర్తిచేసిన టోర్నడో ఆవిరి ఇంజనుకు బాయిలరు మాత్రం జర్మనీలోని మైనింగెన్ నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. అంత పెద్ద బాయిలరు కట్టే పనితనం వాళ్ళ దగ్గర మిగలలేదు. మన దగ్గర గోల్డెన్ రాక్ ఉంది. ఈ పోలిక విన్నాక ఏ ఇంజను కొనాలన్న ప్రశ్న వెనక్కిపోయి, ఏ పనితనం నిలబెట్టాలన్నది ముందుకు వస్తుంది.

ఆ పనితనం ఎలాంటిదో దగ్గరగా చూడాలి. ఇంజను ఫైర్‌బాక్సుకు లోపలి గోడ, బయటి గోడ ఉంటాయి, మధ్యలో నీళ్ళు. ఆ రెండు గోడలనూ పట్టి ఉంచేవి వందలాది స్టే బోల్టులు. వాటిలో ఒకటి లోపల విరిగితే కంటికి కనబడదు. బాయిలర్ మేకర్ చిన్న సుత్తి తీసుకుని ఒక్కొక్క బోల్టు తలా తడుతూ పోతాడు. మంచి బోల్టు ఖంగుమంటుంది, విరిగినది మొద్దుగా మోగుతుంది. అది చెవితో చేసే పని. నమూనా గీతల్లో ఉండదు, కొన్న ఇంజనుతో పాటు పెట్టెలో రాదు. ఫైర్‌బాక్సు పైకప్పులో ఒక సీసపు ప్లగ్గు ఉంటుంది. నీళ్ళు దాని కిందికి దిగిపోతే సీసం కరిగి ఆవిరి నిప్పు మీదికి దూకుతుంది. ఫైర్‌మన్ గేజి గ్లాసు మీంచి కన్ను తీయకపోవడానికి కారణం అదే. ఇలాంటి చూపు, వినికిడి ఒక తరం మనుషులతో పోతే తిరిగిరావు.

జహీరాబాద్‌వాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. దగ్గరలోని పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలను గాజు సీసాల్లో పెట్టి చూపించడంతో సరిపెట్టలేదు, ఏటా పొలంలో చల్లుతూ కాపాడారు. ఇంజను కూడా అలా నిప్పు మీద ఉంటేనే బతుకుతుంది. జహీరాబాద్‌లోనే 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి చిన్న ట్రక్కుల ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు ఇక్కడ ట్రాక్టర్లూ తయారవుతున్నాయి. జపాన్ డిజైను తెచ్చుకున్నది నిజమే. కానీ దాంతో పాటు వెల్డింగు, అసెంబ్లీ పని ఇక్కడి కుర్రాళ్ళ చేతికి వచ్చింది. ఆ దిగుమతి తప్పనిపించదు. మనుషులకు పని నేర్పని దిగుమతి ఒక్కరోజు ఊరేగింపుకు తప్ప పనికిరాదు.

నిజాయితీ గురించి కూడా ఒక మాట. 2023 అక్టోబరు 31న గుజరాత్‌లో ఏక్తానగర్–అహ్మదాబాద్ మధ్య హెరిటేజ్ రైలు మొదలైంది. ముందున్న ఇంజను చూడ్డానికి ఆవిరిదే, నడిచేది మాత్రం కరెంటు మీద. బొగ్గు పొగ లేదు, ప్రయాణికులకు సుఖం. దానికి అభ్యంతరం లేదు. కానీ అలాంటిది ఆవిరి ఇంజను స్థానాన్ని పూర్తిగా ఆక్రమిస్తే రేపటి పిల్లలకు ఆవిరంటే ఒక ఆకారమే మిగులుతుంది. పొగ సంగతి కూడా దాచకూడదు. బొగ్గు మండితే కాలుష్యమే. వేల్స్‌లో ఫోస్-ఎ-ఫ్రాన్ గని 2023లో మూతబడ్డాక అక్కడి హెరిటేజ్ రైల్వేలు బొగ్గును కూడా దూరదేశాల నుంచి తెప్పించుకుంటున్నాయి. ఏడాదికి కొద్దిరోజులు నడిచే ఇంజను పొగ దేశం పొగలో లెక్కకు రాదన్నది నిజమే. అయినా ఏడాదికి ఎన్ని రోజులు నడపాలో, ఎంత బొగ్గు కాలుతుందో ముందే బయటపెట్టడం మర్యాద. పాత ఇంజన్లలో బాయిలరు చుట్టూ కట్టిన ఆస్‌బెస్టాస్ సంగతి ఇంకా ముఖ్యం. చవగ్గా వచ్చిన విదేశీ ఇంజనును విప్పే కూలీ ఊపిరితిత్తుల్లోకి ఆ దుమ్ము పోతే, చవక లెక్క అక్కడే తారుమారవుతుంది. విప్పడానికి ముందు పరీక్ష, తగిన మాస్కులు, శిక్షణ లేకుండా ఏ ఇంజనునూ ముట్టకూడదు.

ఇంజన్లు కొనవద్దని చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. అటకెక్కిన ఇంజనును బతికించడానికి సముద్రం దాటించవచ్చు. ఆ రకంలో ఇంకా కొన్ని పుట్టినచోట మిగిలితే, అక్కడి మనుషులను అడిగితే, ఇచ్చిన ధరలో కొంత అక్కడి షెడ్డు బాగుకు, అక్కడి యువకుల శిక్షణకు పోతే, బోర్డు మీద తయారీదారుతో పాటు నడిపినవాళ్ళ చరిత్రా ఉంటే ఎవరూ తప్పుపట్టరు. మన దేశం విషయానికి వస్తే, బయట ఇంజను వెతకడానికి ముందు దిమ్మెల మీద నిలబెట్టినవాటిని వర్క్‌షాపు వాళ్ళతో పరీక్ష చేయించాలి. ఏ బాయిలరు ప్రెషరు పరీక్షకు నిలుస్తుందో, ఏది నిలవదో తేలాలి. సికింద్రాబాద్ పక్కన లాల్లాగూడ వర్క్‌షాపు 1893 నుంచి ఉంది. అక్కడి పాత రిజిస్టర్లలో, పాత నమూనా గీతల్లో నిజాం రైల్వే ఇంజన్ల మరమ్మతుల చరిత్ర ఎంత మిగిలిందో ఒకరు కూర్చుని జాబితా రాయాలి.

అన్నిటికంటే తొందరపడవలసిన పని ఇంకొకటి. 1995లో ఇరవై అయిదేళ్ళ ఫైర్‌మన్‌గా ఆవిరి మీద చివరి డ్యూటీ చేసినవాళ్ళు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. వాళ్ళకు పని నేర్పిన డ్రైవర్లు ఎనభై దాటారు. కాజీపేటలో, డోర్నకల్‌లో, గుంతకల్లులో, విజయవాడలో, వికారాబాద్ నుంచి పర్లి దాకా ఈ లైను వెంబడి అలాంటివాళ్ళ ఇళ్ళు ఉన్నాయి. స్టే బోల్టు మోత ఎలా ఉంటుందో, సింగరేణి బొగ్గును ఫైర్‌బాక్సులో ఎలా పరచాలో, ఎక్కుడు మీద బండి ఆగిపోతే ఏం చేసేవారో వాళ్ళ గొంతులోనే రికార్డు చేయాలి. జహీరాబాద్ పక్కన మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియోను పల్లె మహిళలే నడుపుతున్నారు. మైకు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పెద్దల మాట రికార్డు చేయడం వాళ్ళకు రోజువారీ పని. రైల్వే పెన్షనర్ల సంఘాలు, కాలేజీల చరిత్ర విభాగాలు ఆ పద్ధతి నేర్చుకుని ముందు ఈ లైను స్టేషన్లతోనే మొదలుపెట్టవచ్చు. మొదటి రికార్డింగు జహీరాబాద్‌లోనే జరగవచ్చు.